మెట్టవాడు ఓడెక్కితే

మాది మెట్ట. ఓడ అనే మాట మాకు సామెతల్లో తప్ప తగలదు. "ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య" అంటాం. "ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి" అంటాం. మా జగ్గయ్యపేట బస్టాండులో ఓ గంట కూర్చుంటే రెంట్లో ఒకటి వినపడకపోదు. అన్నవాడు ఓడ మొహం చూసి ఉండడు, విన్నవాడూ చూసి ఉండడు. మాకు తెలిసిన నీటి ప్రయాణమల్లా ముక్త్యాల రేవులో బల్లకట్టు. మనుషులు, మోటారు సైకిళ్లు, ఒక ట్రాక్టరు, నాలుగు మేకలు, అందరం కలిసి కృష్ణ దాటి అవతల మాదిపాడులో దిగుతాం. ఎక్కడం, దాటడం, దిగడం. అంతే. దాటే పని లేకుండా నీళ్ల మీద ఊరికే తిరిగొద్దాం అని ఎవడైనా అంటే, వాడికి ఎండ తగిలిందేమో చూడమంటాం.

అలాంటి మేం నలుగురం 2025 ఆషాఢంలో విశాఖపట్నం వెళ్లి ఓడెక్కాం. ఊరికే. కూర్చోండి, చెబుతాను. మొదటి రోజు ముచ్చటొక్కటే చెబుతాను. మిగతా రోజులు ఆ రోజుకి నకళ్లు.

ఈ పనికి మూలపురుషుడు మా బావమరిది. నందిగామలో ఉంటాడు, సిమెంటు లారీల మనిషి. ఏ వస్తువు చూసినా ముందు దాని బరువడుగుతాడు, తర్వాత మోడలడుగుతాడు. ఒక సాయంత్రం ఫోన్ చేసి, "బావా, కార్డీలియా వాళ్ల ఓడ వైజాగ్ నుంచి పుదుచ్చేరి, చెన్నై వెళ్తోంది. మనం ఎక్కుతున్నాం, అక్కకి చెప్పు" అన్నాడు. అడగలేదు, చెప్పాడు. ఆ అక్క, అంటే మా ఆవిడ, ఒక్కసారి కళ్లజోడు తీసి చూసి, "ఆషాఢంలో కొత్తకోడలు అత్తారింట ఉండకూడదంటారు గానీ, ముసలాళ్లు నేలమీద ఉండకూడదని ఎవరన్నార్రా?" అంది.

ఆ ఓడ జాతకం బావమరిది ముందే తీయించాడు. పేరు 'ఎంప్రెస్'. 1990లో ఫ్రాన్సులోని సెయింట్ నజైర్‌లో పుట్టింది. అప్పటి పేరు నార్డిక్ ఎంప్రెస్. తర్వాత ఎంప్రెస్ ఆఫ్ ది సీస్ అయింది, మధ్యలో ఒక స్పెయిన్ కంపెనీ దగ్గర ఉత్త ఎంప్రెస్ అయింది, మళ్లీ పాత పేరుకొచ్చింది, ఆఖరికి మన దేశానికొచ్చి 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి తిరగడం మొదలెట్టింది. పొడవు 211 మీటర్లు, 11 అంతస్తులు. "అంటే సెకండ్‌హ్యాండ్ బండి బావా. ముప్ఫై అయిదేళ్ల మోడలు. మన దగ్గరైతే ఎఫ్‌సీకి చుక్కలు చూపిస్తారు" అన్నాడు. ఓడలకూ ఎఫ్‌సీ ఉంటుందట. ప్రయాణికుల ఓడ అయితే ఏడాదికోసారి తనిఖీ చేయించి పత్రం తిరగరాయించుకోవాల్సిందే. ఆ మాట విన్నాకే వాడు డబ్బు కట్టాడు.

పేట నుంచి బస్సులో బెజవాడ, అక్కణ్నుంచి రాత్రి రైల్లో విశాఖ. ఆ సోది వదిలేస్తాను.

ఓడెక్కడమంటే నా మనసులో ఒక బొమ్మ ఉండేది. పాత సినిమాలు పెట్టిన బొమ్మ. ఏటవాలు నిచ్చెన, పైన తెల్లటోపీ కెప్టెను, కింద రుమాళ్లు ఊపే జనం. తీరా చూస్తే అది విమానాశ్రయాన్నీ రిజిస్ట్రాఫీసునీ కలిపి కట్టినట్టుంది. విశాఖ ఇంటర్నేషనల్ క్రూజ్ టెర్మినల్ అని, 96 కోట్లు పెట్టి కట్టి 2023 సెప్టెంబరులో తెరిచారు. చల్లగా, శుభ్రంగా ఉంది. వరస మాత్రం వరసే. ఆధార్ కార్డు, ఆరోగ్యం బాగుందని సంతకం, ఫోటో, సంచుల తనిఖీ. పెద్ద పెట్టెలకి చీటీ కట్టి అక్కడే తీసేసుకుంటారు, అవి తర్వాత ఎప్పుడో మన గది గుమ్మం ముందు ప్రత్యక్షమవుతాయి. మీరెప్పుడైనా వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మాత్రలు చేతిసంచిలో ఉంచుకోండి. నా బీపీ బిళ్లలు పెద్దపెట్టెలో, పంచెల మడతల మధ్య, మా ఆవిడ భద్రంగా దాచింది. ఆ పెట్టె మా గది చేరేదాకా నాకు బీపీ ఉందన్న సంగతి ఆవిడ నన్ను ఒక్క నిమిషం మరిచిపోనివ్వలేదు.

బావమరిది పెట్టెలో ఇస్త్రీపెట్టె దొరికింది. లుంగీ కూడా ఇస్త్రీ చేసి కట్టే రకం లెండి. తనిఖీ కుర్రాడు మర్యాదగానే, "దిగేటప్పుడు తీసుకోండి సార్" అని పక్కన పెట్టి రసీదు రాశాడు. నీళ్ల మీద పోయేవాడికి నీళ్లంటే భయం కాదు, నిప్పంటే భయం. ఊళ్లో ఇల్లంటుకుంటే వీధిలోకి పరిగెత్తుతాం. ఓడంటుకుంటే వీధెక్కడిది?

లోపలికెళ్లగానే తలా ఒక కార్డు ఇచ్చారు. అదే తాళంచెవి, అదే డబ్బు సంచి. ఓడలో నోట్లు చెల్లవు, ఏది కొన్నా ఆ కార్డు గీకడమే. "ఓహో, కిరాణా కొట్టు ఖాతా అన్నమాట" అంది మా చెల్లెమ్మ, అంటే బావమరిది భార్య. సరిగ్గా అదే. తేడా ఏమిటంటే, శెట్టిగారి కొట్లో చిట్టా మన ఎదురుగా రాస్తారు, ఇక్కడ దిగే రోజున చూపిస్తారు.

గది సంగతి. మేం తీసుకున్నది లోపలి గది. చవక. కిటికీ ఉండదు. రెండు పక్కలు, ఒక అద్దం, ఒకరు తిరిగితే ఇంకొకరు నిలబడాల్సినంత స్నానాలగది. దీపం ఆర్పితే ఎంత చీకటంటే, మా ఆవిడ "ఏవండీ, ఉన్నారా?" అంది. పగలో రాత్రో తెలియదు, సముద్రం మీద ఉన్నామో సత్రంలో ఉన్నామో అంతకన్నా తెలియదు. డబ్బెక్కువ పెట్టినవాళ్లకే సముద్రం కనిపిస్తుంది. ఇదొక చిత్రం. సముద్రం మీద పోతూ సముద్రం చూడటానికి విడిగా రుసుము!

ఇక భోజనం. అక్కడ మా ఊరి మాంధాత గుర్తొచ్చాడు నాకు. మీకు తెలిసే ఉంటుంది, లేకపోతే మా పేట గొప్ప ఒకటి చెప్పుకోనివ్వండి. మా ఊరి పక్క ధనంబోడు గుట్ట మీద బౌద్ధస్తూపం ఉండేది. శాసనాల్లో ఆ గుట్ట పేరు వెలగిరి. 1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర తవ్వించి, 1887లో అమరావతితో కలిపి పుస్తకం రాశాడు. అక్కడ దొరికిన సున్నపురాయి పలకల్లో ఒకదాని మీద మాంధాత చక్రవర్తి ఉన్నాడు. చెయ్యెత్తి నిలబడితే మబ్బుల్లోంచి చదరపు నాణేలు వానలా కురుస్తున్నాయి. చుట్టూ ఏనుగు, గుర్రం, రాణి, మంత్రి. బౌద్ధుల కథలో ఆ రాజుకి ఏడు రోజులు బంగారపు వాన కురిసినా చాలదు. స్వర్గానికెళ్తాడు, ఇంద్రుడు సగం సింహాసనం ఇస్తాడు, ఆ సగమూ చాలదు. మొత్తం కావాలనుకోగానే కిందపడతాడు. అదే సున్నపురాయి ఇప్పుడు మా చుట్టుపక్కల సిమెంటవుతోంది, ఆ సిమెంటు మా బావమరిది లారీలెక్కుతోంది. ఆ లారీల డబ్బే వాణ్ని ఈ ఓడెక్కించింది.

వాడిప్పుడు రెండు పళ్లేలు పట్టుకుని నా ఎదుట నిలబడ్డాడు. ఒకదాన్లో పూరీ, ఇడ్లీ, నూడుల్స్, పనీరు, వాటి మీద గులాబ్‌జాం. రెండోదాన్లో మళ్లీ అవే. "డబ్బు ముందే కట్టేశాం బావా. తినకపోతే మనకే నష్టం" అన్నాడు. ఉల్లి, వెల్లుల్లి లేని జైనుల వంటలు విడిగా ఉంటే, వాటినీ వదల్లేదు. మా ఆవిడ మాత్రం అంత సంతలోనూ పెరుగన్నం వెతికి తెచ్చుకుని, చేతిసంచి లోంచి చిన్న పొట్లం తీసింది. పేట మిరపకాయల కారప్పొడి. తనిఖీలో ఎలా తప్పించిందో ఇప్పటికీ చెప్పదు. ఆ పొట్లం బల్ల మీదికొచ్చాక పక్కబల్ల వాళ్లతో పరిచయమైంది. వాళ్లది ఒంగోలు.

మధ్యాహ్నం దాటాక మైకులో "మస్టర్, మస్టర్" అని పిలిచారు. "ఇక్కడా ఉపాధి హామీ ఉందా?" అంది చెల్లెమ్మ. నవ్వకండి, మాకు తెలిసిన మస్టరు అదే. ఇది ప్రాణం కాపాడుకునే మస్టరు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినపడితే, ఉన్నపళంగా మన కార్డు మీద రాసిన చోటికి వెళ్లి నిలబడాలి. నారింజరంగు జాకెట్టు ఎలా తొడుక్కోవాలో ఒక పిల్ల చూపించింది. జనంలో సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. నేను మాత్రం శ్రద్ధగా విన్నాను, ఎందుకంటే ఆ కసరత్తు వెనక చాలా చావులున్నాయి. 1912లో టైటానిక్ మునిగితే, పడవలు చాలక అంతమంది పోతే, 1914లో పలు దేశాలు కూర్చుని సముద్రం మీద ప్రాణరక్షణకు మొదటి ఒప్పందం రాసుకున్నాయి. అదైన తర్వాత కూడా చాలాకాలం, ప్రయాణికులు ఎక్కిన 24 గంటల్లోగా ఈ మస్టరు జరిపితే చాలనేవారు. 2012 జనవరి 13 రాత్రి కోస్టా కాంకార్డియా ఇటలీ తీరంలో రాయికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కినవాళ్లు వందలమంది, వాళ్లకింకా మస్టరే కాలేదు. అప్పట్నుంచీ బయల్దేరకముందే, లేదా బయల్దేరిన వెంటనే జరిపి తీరాలని నియమం మార్చారు.

మేం మెట్టవాళ్లం, నీళ్లు మా జోలికి రావు అనుకునేవాళ్లం. 2024 సెప్టెంబరు ఒకటిన మునేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదికే వచ్చేసింది. హైదరాబాదు బెజవాడ రాకపోకలు ఆగిపోయాయి. మా బావమరిది లారీలు కూడా ఆ బారులో ఇరుక్కున్నాయి. ఆవేళ మాకు ఏ కూతా వినపడలేదు, ఎక్కడ నిలబడాలో ఎవరి చేతిలోనూ రాసి లేదు. అందుకే, ఫోన్లో మొహం పెట్టుకున్న బావమరిదిని మోచేత్తో పొడిచి వినిపించాను.

మస్టరయ్యాక వాడి అసలు సందేహం బయటపడింది. "48,563 టన్నులని రాశారు. లారీకి పాతిక టన్నులేసుకో. దగ్గర దగ్గర రెండు వేల లారీలు. ఎలా తేలుతోంది బావా?" నాకు తెలిసింది చెప్పాను. ఆ అంకె బరువు కాదు, ఓడ లోపలి జాగా కొలత. పూర్వం ఇంగ్లండులో ఓడను ఎన్ని ద్రాక్షసారా పీపాలు పడతాయో దాన్నిబట్టి కొలిచేవారట, ఆ పీపా పేరే 'టన్'. పీపా పోయి పేరు మిగిలింది. వాడు చాలాసేపు ఆలోచించి, "అంటే వేబిల్లు కాదన్నమాట, గోడౌను కొలత" అన్నాడు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

అసలు విషయానికొస్తాను. ఓడ ఎప్పుడు కదులుతుందా అని పొద్దున్నుంచీ కాచుకుని ఉన్నానా, కదిలినప్పుడు చూడలేదు. పై డెక్కు మీద టీ తాగుతూ ఎదురుగా రేవులో క్రేనుని చూస్తున్నాను. "ఆ క్రేను కదుల్తోందే" అన్నాను. "క్రేను కాదండీ, మనం" అంది మా ఆవిడ. కుదుపు లేదు, చప్పుడు లేదు. మా బల్లకట్టయితే ఇంజను దగ్గుతుంది, మేక అరుస్తుంది, ఎవరో "ఆపండహో" అని ఒడ్డున పరిగెత్తుకొస్తారు. బయల్దేరామని ఒంటికి తెలుస్తుంది. ఇక్కడ నేల మనల్ని అడక్కుండానే వెనక్కి జరుగుతుంది.

అప్పటికి దీపాలు పెట్టేవేళ. కుడిచేతి వైపు డాల్ఫిన్ నోస్ కొండ నల్లగా, కొన మీద లైట్‌హౌసు. ఆ కొండ అడ్డుగా ఉండబట్టే విశాఖ రేవయింది. రేవు కట్టేటప్పుడు అలల తాకిడి ఆపడానికి రెండు పాత ఓడల్ని కావాలని ముంచి అడ్డుకట్టగా వాడారట. 1933లో రేవు తెరిచినప్పుడు మొదట వచ్చిన ఓడ పేరు జలదుర్గ. 1948 మార్చి 14న ఇక్కడే సింధియా కంపెనీ యార్డులో తయారైన జలఉషని నెహ్రూ నీళ్లలోకి దింపాడు. ఇప్పుడు సింధియా అంటే విశాఖలో బస్సు ఆగే చోటు.

ఇదే తీరం నుంచి మనవాళ్లు రంగం వెళ్లేవాళ్లు. రంగం అంటే రంగూన్. వాళ్లకి గది లేదు, కార్డు లేదు. డెక్కు మీద చాప, పక్కన మూట, పైన ఆకాశం. వాళ్లు దాటడానికే ఎక్కారు, మాదిపాడు వెళ్లే మనిషి బల్లకట్టు ఎక్కినట్టు. ఇంకా వెనక్కి వెళ్తే, మన కృష్ణే సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో ఘంటసాల రేవుండేది. అక్కడి శాసనంలో శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ ఉంది. మా కృష్ణ నీళ్లకి ఓడలు కొత్తకాదు. మెట్టన కూర్చున్న మేమే మరిచిపోయాం.

రేవు మొగ దాటాక ఒక దృశ్యం చూశాను. డెక్కు మీద ఇటువైపున్న వందమందిలో ఇంకెవరైనా చూశారో లేదో నాకనుమానం. అటుపక్క డీజే మొదలైంది మరి. ఓడ పక్కన దీపం పెట్టుకుని చిన్న పడవ ఒకటి వచ్చి చేరింది. ఓడ పొట్టలో తలుపు తెరుచుకుంది. తాడు నిచ్చెన. ఒక మనిషి ఆ నిచ్చెన పట్టుకుని మెట్టుమెట్టుగా దిగాడు. కింద పడవ లేస్తోంది, పడుతోంది. లేచినప్పుడు చూసి, గుమ్మం దాటినట్టు అడుగేసి అందులోకి మారాడు. పడవ తిరిగింది, దీపం దూరమైంది. ఆయన రేవు పైలట్. ఇలాంటి పెద్ద ఓడ రేవులోకొచ్చేటప్పుడూ పోయేటప్పుడూ, లోతులూ మలుపులూ తెలిసిన ఆ మనిషే దగ్గరుండి దారి చూపించాలి. బయటి సముద్రం రాగానే దిగిపోతాడు. మేం రెండు వేళ్లతో టీకప్పు పట్టుకుని నిలబడ్డ ఆ గంటసేపూ ఈ ఓడకి ఓడమల్లయ్య ఆయనే. రేవు దాటింది. ఒక్కరూ చెయ్యూపలేదు. నేనూ తేరుకుని ఊపేసరికి పడవ చుక్కంతయింది.

ఆ తర్వాత ఓడ నిజంగా ఓడయింది. ఆషాఢమాసపు నైరుతి గాలి, బంగాళాఖాతం ఊపు. పళ్లేలు రెండూ లెక్కకొచ్చాయి. బావమరిది మంచమెక్కి "బావా, గోడలు ఊపిరి పీలుస్తున్నాయి" అన్నాడు. చెవిలోపల తూకం చూసే భాగం ఊగుతున్నామని చెబుతుంది, కిటికీలేని గదిలో కన్ను కదల్లేదని చెబుతుంది. ఆ తగువు కడుపు తీరుస్తుంది. పైకొచ్చి గాలిలో నిలబడి దూరాన నింగీ నీళ్లూ కలిసే గీతను చూస్తే సర్దుకుంటుందని చెప్పాను. రాలేదు. మా ఆవిడ సొంఠిముక్క ఇచ్చి పడుకోబెట్టింది. స్వర్గం నుంచి పడ్డ మాంధాతకి ఈ సొంఠి కూడా దొరికి ఉండదు.

రాత్రి పదింటికి మేమిద్దరం కటకటాల దగ్గర నిలబడ్డాం. లోపల పాటలు, కాసినో, ఆటలు, దుకాణాలు, ఎటు చూసినా దీపాలు. ఓడలో ఉన్న తెలివంతా నీళ్ల మీద ఉన్నామన్న సంగతి మనకి గుర్తురాకుండా చెయ్యడానికే ఖర్చుపెట్టారు. ఆ ఒక్క విషయంలో మా బల్లకట్టే నయం, చెయ్యి చాస్తే కృష్ణ తగులుతుంది. ఇక్కడ బయట మాత్రం ఏమీ లేదు. మా పొలాల్లో అమావాస్య చీకటికైనా ఒక కుక్క అరుపు, ఒక మోటారు చప్పుడు ఉంటాయి. ఇది ఉత్త నలుపు, కింద తెల్లగా చిరిగే నురగ.

"అవతల ఏముందండీ?" అంది.

"అండమాన్లు. పన్నెండొందల కిలోమీటర్లు."

"మనం అటు వెళ్తున్నామా?"

"లేదు. ఇలా తీరం వెంటే దక్షిణానికి."

"అయితే దాటడం లేదన్నమాట." కాసేపాగి, "చెన్నైలో దిగాక ఏం చేద్దాం?" అంది.

అప్పుడు తట్టింది నాకు. ధనంబోడు మీద ఇప్పుడు మాంధాత లేడు. ఆ పలక చెన్నైలో ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. డెబ్బయ్యేళ్ల వయసులో, మా ఊరి రాజుని చూడటానికి, ఊరి నుంచి వందల మైళ్లు తూర్పుకెళ్లి, ఓడెక్కి, చుట్టూ తిరిగి వెళ్తున్నాం. బస్సెక్కి బెజవాడ వెళ్లి రైలెక్కితే తెల్లారేసరికి చేరేవాళ్లం. ఈ మాట మా ఆవిడతో అనలేదు.

మీరూ వెళ్తే చూసి రండి. ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు.